పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండాలంటే ఏ వీసా తీసుకోవాలి? పాలకొల్లు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ప్రశ్న

పాలకొల్లు మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను పాలకొల్లు దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నాకు 66 ఏళ్లు, మా ఆవిడకు 61. మా అమ్మాయి, అల్లుడు కెనడాలోని బ్రాంప్టన్‌లో స్థిరపడ్డారు. ఇద్దరికీ అక్కడి పౌరసత్వం ఉంది, ఇద్దరు పిల్లలు. అబ్బాయి, కోడలు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నారు, వాళ్లకు గ్రీన్‌కార్డు గత ఏడాదే వచ్చింది. మాకు ఇక్కడ సొంత ఇల్లు, కౌలుకు ఇచ్చిన రెండెకరాల వరిచేను, చేను గట్టు మీద కొన్ని కొబ్బరిచెట్లు ఉన్నాయి. నెలనెలా వచ్చే ప్రభుత్వ పింఛనే ప్రధానమైన ఆదాయం.

ఇప్పుడు మా ఇంట్లో ఒక చర్చ నడుస్తోంది. అమ్మాయి "కెనడాలో తల్లిదండ్రుల కోసం ఉన్న సూపర్ వీసా తీసుకోండి, ఐదేళ్లు ఉండవచ్చు" అంటోంది. అబ్బాయి "మాకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి మీకూ వేస్తాను" అంటున్నాడు. మా వీధిలో ఒకాయనకు అమెరికా పదేళ్ల విజిటర్ వీసా ఉంది, ఆ పదేళ్లూ అక్కడే ఉండిపోవచ్చని ఆయన నమ్మకం. వీళ్లు చాలరన్నట్టు భీమవరంలో ఒక కన్సల్టెన్సీ వారు మా ఇద్దరికీ దుబాయ్‌లోనో థాయ్‌లాండ్‌లోనో రిటైర్మెంట్ వీసా ఇప్పిస్తామనీ, అక్కడి నుంచి పిల్లల దగ్గరికి వెళ్లిరావడం తేలికనీ చెప్పి, ముందుగా కొంత సొమ్ము కట్టమన్నారు. పిల్లలిద్దరూ ఒక ఖండంలో ఉండగా మేము వేరే దేశంలో కాపురం పెట్టడం ఎందుకో నాకు అంతుపట్టలేదు గాని, కాగితాల మీద ఆ పథకం చాలా అందంగా ఉంది.

మా కోరిక ఇది. ఊరు పూర్తిగా వదిలి వెళ్లిపోవాలని లేదు. సంక్రాంతికి ఇంట్లో ఉండాలన్నది మా ఆవిడ పట్టు. ఏడాదిలో సగం, అవసరమైతే అంతకంటే కొంచెం ఎక్కువ కాలం పిల్లల దగ్గర ఉండి, మనవల్ని చూసుకుని, మళ్లీ ఇంటికి రావాలి. ఆమెకు మధుమేహం, రక్తపోటు ఉన్నాయి కాబట్టి అక్కడ వైద్యం సంగతి కూడా ఆలోచించాలి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

తణుకు నుంచి బ్రాంప్టన్:

మాస్టారు గారికి నమస్కారమండి. మా అమ్మానాన్నలు తణుకు నుంచి సూపర్ వీసా మీదే ఇక్కడికి వచ్చి వెళుతున్నారు కాబట్టి కెనడా సంగతి నేను చెబుతాను.

ముందుగా రెండు మాటలను విడదీసి చూడాలండి. వీసా చెల్లుబాటు ఎన్నేళ్లన్నది ఒకటి, వచ్చిన ప్రతిసారీ ఎంత కాలం ఉండనిస్తారన్నది మరొకటి. మీ వీధిలోని పెద్దాయన ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటున్నారు. కెనడా మామూలు సందర్శక వీసా కూడా పదేళ్ల వరకు ఇస్తారు, కాని ఒక రాకకు సాధారణంగా ఆరు నెలలే గడువు. సూపర్ వీసా కూడా పదేళ్ల వరకు చెల్లుతుంది, ఎన్నిసార్లయినా వచ్చి వెళ్లవచ్చు, అయితే ఒక్కో రాకలో ఐదేళ్ల వరకు ఉండే వీలుంది. ఒకప్పుడు ఇది రెండేళ్లే ఉండేది, 2022 జూలై 4 నుంచి ఐదేళ్లకు పెంచారు. ఐదేళ్ల వరకు ఉండవచ్చు అంటే ఉండి తీరాలని కాదు. మీరు ఏడెనిమిది నెలలు ఉండి సంక్రాంతికి వెళ్లిపోయి మళ్లీ వేసవికి వచ్చినా ఎవరూ అడగరు. సగం అక్కడ, సగం ఇక్కడ అనుకునే మీవంటి వారికి ఇంతకంటే అమరిన వీసా నాకు తెలిసి లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. విమానాశ్రయంలో అధికారి ఏ తేదీ వరకు అనుమతి ఇచ్చారన్నదే అసలు లెక్క. అందుకని సూపర్ వీసా మీద వస్తున్నామని చెప్పి, అమ్మాయి ఇచ్చిన ఆహ్వాన పత్రం, బీమా పత్రం చేతిసంచిలోనే ఉంచుకుని చూపించాలి. వాటిని చెక్-ఇన్ సామానులో పెట్టేస్తే, ఊరగాయ జాడీలతో పాటు ఎక్కడో అడుగున ఉంటాయి.

షరతుల భారమంతా ఎక్కువగా అమ్మాయి మీద, అల్లుడి మీద పడుతుంది. వారి కుటుంబ సభ్యుల సంఖ్యకు మీ ఇద్దరినీ కలిపి, అంటే మీ విషయంలో ఆరుగురికి, ప్రభుత్వం నిర్ణయించిన కనీస ఆదాయం చూపించాలి. భార్యాభర్తల ఆదాయాలను కలిపి చూపవచ్చు. దీనికి అక్కడి పన్నుశాఖ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, జీతం పత్రాలు జతచేస్తారు. మీ ఖర్చులు తాము చూసుకుంటామని సంతకం చేసిన ఉత్తరం ఇవ్వాలి. మీరు ఆమె తల్లిదండ్రులని రుజువు చేసే పత్రం ఉండాలి. వైద్య పరీక్ష హైదరాబాద్‌లో వారు గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించుకోవాలి, వేలిముద్రలు కూడా అక్కడే ఇవ్వవచ్చు. దరఖాస్తు మాత్రం కెనడా బయట ఉండగానే చేయాలి.

ఇక బీమా సంగతి కాస్త నింపాదిగా చదవండి, ఎందుకంటే ఈ వీసాలో అసలు ఖర్చంతా ఇక్కడే ఉంది. కనీసం 1,00,000 కెనడా డాలర్ల వైద్య బీమా, వచ్చిన రోజు నుంచి కనీసం ఒక ఏడాది చెల్లేది, తీసుకోవాలి. అంచనా కాగితం చూపిస్తే ఒప్పుకోరు, డబ్బు కట్టిన పాలసీ ఉండాలి. ఒకప్పుడు కెనడా కంపెనీల పాలసీలే చెల్లేవి. 2025 జనవరి 28 నుంచి, అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ కంపెనీల పాలసీలను కూడా తీసుకుంటున్నారు. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీకు రాదు కాబట్టి ఈ బీమాయే దిక్కు.

అమ్మగారికి మధుమేహం, రక్తపోటు ఉన్నాయన్నారు. ఉన్న జబ్బులకు కూడా వర్తించే పాలసీలు దొరుకుతాయి, కాని వాటిలో "స్థిరంగా ఉన్న జబ్బు" అనే షరతు ఉంటుంది. ప్రయాణానికి ముందు ఇన్ని నెలలు, కొన్ని పాలసీల్లో మూడు, కొన్నిటిలో ఆరు, మందు మారకుండా, మోతాదు మారకుండా, కొత్త లక్షణాలు రాకుండా ఉండాలని రాసి ఉంటుంది. బయలుదేరే ముందు ఒకసారి చూపించుకుందామని డాక్టరు గారి దగ్గరికి వెళతాం, ఆయన మంచి ఉద్దేశంతోనే అర మాత్రను ఒక మాత్ర చేస్తారు, దానితో ఆ జబ్బు బీమా లెక్కలో "స్థిరంగా లేనిది" అయిపోతుంది. వైద్యం మానుకోమని నా ఉద్దేశం కాదండి. మందుల సర్దుబాటు ఏదైనా ఉంటే ప్రయాణం తేదీ పెట్టకముందే పూర్తిచేసుకుని, ఆ తరువాత బీమా గడువు లెక్కవేసుకుని టికెట్టు కొనుక్కోండి. పాలసీ తీసుకునేటప్పుడు వేసుకునే ప్రతి మాత్ర పేరూ దాచకుండా చెప్పండి. క్లెయిమ్ వచ్చిన రోజున వారు ఇండియాలోని వైద్య పత్రాలు కూడా అడుగుతారు.

చివరగా, ఈ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, ఇది శాశ్వత నివాసానికి దారి కూడా కాదు. తల్లిదండ్రులకు శాశ్వత నివాసం ఇచ్చే పథకం వేరే ఉంది. దానికి 2020లో పేర్లు నమోదు చేసుకున్నవారి నుంచే ఇన్నాళ్లూ లాటరీ తీస్తూ వచ్చారు. మీ అమ్మాయి అప్పట్లో పేరు ఇచ్చి ఉండకపోతే దానిమీద ఆశ పెట్టుకోనక్కరలేదు. ఒక క్యాలెండర్ ఏడాదిలో 183 రోజులు, అంతకంటే ఎక్కువ కెనడాలో ఉంటే అక్కడి పన్ను చట్టం కింద నివాసిగా పరిగణించే అవకాశం ఉంది, రెండు దేశాల పన్ను ఒప్పందం దానిని మార్చవచ్చు. అంత కాలం ఉండదలిస్తే మాత్రం ముందుగా ఒక అకౌంటెంటును అడగండి.

రాజోలు వాసి, డల్లాస్:

మాస్టారూ, అమెరికా వైపు సంగతి నేను చెబుతాను. మీ అబ్బాయి మాట ప్రేమతో అన్నదే గాని, చట్టం ఇప్పుడు ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు భార్యకు లేదా భర్తకు, పెళ్లికాని పిల్లలకు మాత్రమే దరఖాస్తు పెట్టగలరు. తల్లిదండ్రులకు పెట్టాలంటే అమెరికా పౌరుడై ఉండాలి, 21 ఏళ్లు నిండి ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు గాని మామూలుగా పౌరసత్వానికి అర్హత రాదు కాబట్టి, మీ ఇంట్లో ఈ చర్చను ఇంకొన్నేళ్లు పక్కన పెట్టవచ్చు. పౌరసత్వం వచ్చాక మాత్రం తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు. అన్నదమ్ముల కోటాలో లాగా దశాబ్దాల వరుస ఉండదు.

అప్పుడైనా మీకు గ్రీన్‌కార్డు కావాలా అన్నది నా అసలు ప్రశ్న. నేను చూసినంతలో మన ఊళ్ల పెద్దలు ఎక్కువగా ఇబ్బందిపడేది ఇక్కడే. గ్రీన్‌కార్డు అంటే "ఎప్పుడైనా వెళ్లిరావడానికి ఒక గట్టి వీసా" అనుకుంటారు. అది శాశ్వతంగా అక్కడ నివసించేవారి హోదా. ఆరు నెలలకు మించి బయట ఉంటే తిరిగి వచ్చినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, ఏడాది దాటితే నివాసాన్ని వదులుకున్నట్టే లెక్క. రీ-ఎంట్రీ పర్మిట్ అనేది ఒకటుంది, దానితో రెండేళ్ల వరకు బయట ఉండవచ్చు, కాని దానికి దరఖాస్తు అమెరికాలో ఉండగానే చేయాలి. దాళ్వా కోతలు, ఇంటి మరమ్మతు, ఎవరిదో పెళ్లి అంటూ పాలకొల్లులోనే గడిచిపోయే వారికి ఆ కార్డు ఒక బరువు.

పన్ను సంగతి మరొకటి. గ్రీన్‌కార్డు తీసుకున్న రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా పన్ను రిటర్నులో చూపాలి. మీ పింఛను, కౌలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ అన్నీ అందులోకి వస్తాయి. విదేశాల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వాటి వివరాలు వేరే ఫారంలో ఏటా ఇవ్వాలి. పాలకొల్లు బ్యాంకులో పదవీ విరమణ సొమ్ము దాచుకున్న ఏ ఉపాధ్యాయుడైనా ఆ హద్దు దాటే ఉంటాడు. ఇక 65 దాటితే మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య బీమా, వస్తుందని కొందరు చెబుతారు. అక్కడ పనిచేసి పన్ను కట్టనివారికి అది ఐదేళ్ల నిరంతర నివాసం తరువాతే, అదీ నెలనెలా గట్టి ప్రీమియం కడితేనే.

మీకు ప్రస్తుతం తగినది బి-2 విజిటర్ వీసాయే. భారతీయులకు అది మామూలుగా పదేళ్లకు ఇస్తారు. ఒక్కో రాకకు ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఆ గడువు తేదీ పాస్‌పోర్టులోని వీసా మీద ఉండదు, ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దిగిన మరునాడే అబ్బాయి చేత వెబ్‌సైటులో చూపించుకుని ఒక కాగితం తీసి దగ్గర పెట్టుకోండి. అవసరమైతే గడువు తీరకముందే పొడిగింపుకు దరఖాస్తు చేయవచ్చు గాని, దానిని అలవాటుగా చేసుకోకండి. గడువు దాటి ఒక్కరోజు ఉన్నా ఆ పదేళ్ల వీసా రద్దయినట్టే, 180 రోజులు దాటితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. మీ వీధిలోని పెద్దాయనకు ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి.

మీ కుటుంబానికి ప్రత్యేకంగా వర్తించేది మరొకటుంది. చాలామంది డల్లాస్‌లో ఆరు నెలలు ఉండి, పది రోజులు కెనడా వెళ్లివస్తే మళ్లీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని అనుకుంటారు. కెనడాకో మెక్సికోకో నెలలోపు వెళ్లివస్తే పాత గడువే కొనసాగించవచ్చు, కొత్త గడువు ఇవ్వాలన్న నియమం లేదు. పైగా ఏడాదిలో ఎక్కువ భాగం అమెరికాలోనే గడుపుతున్నారని అధికారికి అనిపిస్తే అడ్డు ప్రశ్నలు వస్తాయి. అందుకని ముందు డల్లాస్‌లో మూడు నాలుగు నెలలు ఉండి, అక్కడి నుంచి బ్రాంప్టన్ వెళ్లి, అక్కడి నుంచి నేరుగా ఇంటికి వెళ్లేలా టికెట్లు వేయించుకోండి. దీర్ఘకాలపు మజిలీ కెనడాలో, చుట్టపు చూపు అమెరికాలో అన్నట్టు పెట్టుకుంటే రెండు వీసాలూ వాటి వాటి ఉద్దేశానికి తగ్గట్టు నడుస్తాయి.

అబ్బాయికి పౌరసత్వం వచ్చాక తొందరపడి మీ పేర ఐ-130, అంటే మీ గ్రీన్‌కార్డు కోసం పెట్టే తొలి దరఖాస్తు, దాఖలు చేయనివ్వకండి, ముందు మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. అది ఒకసారి రికార్డులోకి ఎక్కితే, మీరు స్థిరపడటానికే వస్తున్నారని అనుకుని విజిటర్ వీసాను తిరిగి ఇవ్వడానికి వెనకాడవచ్చు.

కాకినాడ బ్యాంకు విశ్రాంత ఉద్యోగి:

రిటైర్మెంట్ వీసాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. అవి మోసం కావు, నిజంగానే ఉన్నాయి, కాని మన పింఛను కొలతకు కుట్టినవి కావు. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్లు దాటినవారికి ఉంది. బ్యాంకులో 8,00,000 బాత్‌లు, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపించాలి. మన రూపాయల్లో ఆ డిపాజిట్ ఇరవై లక్షలకు పైగా, ఆ నెలసరి ఆదాయం లక్షన్నరకు పైమాటే. ప్రతి 90 రోజులకూ చిరునామా తెలియజేస్తూ ఉండాలి. దుబాయ్‌లో 55 దాటినవారికి ఐదేళ్ల వీసా ఇస్తారు. పది లక్షల దిర్హాముల పొదుపో, అంత విలువైన ఆస్తో, లేకుంటే పెద్ద నెలసరి ఆదాయమో కావాలి. ఇక్కడి నుంచి అంత సొమ్ము పంపితే ఏడాదికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల హద్దు ఉండనే ఉంది, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టి.సి.ఎస్. (బ్యాంకు వసూలు చేసే పన్ను) కూడా ముందే కోస్తారు. అది పన్ను లెక్కలో తిరిగి వస్తుంది, కాని ఆ లోపు మీ డబ్బు మీ చేతిలో ఉండదు. గల్ఫ్‌లోనో బ్యాంకాక్‌లోనో పిల్లలు ఉంటే అది వేరే మాట. మీ విషయంలో ఆ కన్సల్టెన్సీ వారు చెప్పిన పథకంలో కమిషన్ తప్ప నాకు మరో ప్రయోజనం కనిపించలేదు.

ఇది చదివే ఇతరుల కోసం మరో మాట. ఆస్ట్రేలియాలో పిల్లలున్న వారికి 870 అనే తాత్కాలిక వీసా ఉంది, మూడేళ్లకు లేదా ఐదేళ్లకు ఇస్తారు, మొత్తం పదేళ్లు దాటదు. శాశ్వత వీసాకు పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా మరే దేశంలోకన్నా అక్కడ ఎక్కువ మంది ఉండాలి. ఇంగ్లండులో మాత్రం 2012 జూలైలో నిబంధనలు బిగించిన తరువాత, స్వదేశంలో దొరకని దీర్ఘకాలిక సంరక్షణ అవసరమని రుజువు చేస్తే తప్ప తల్లిదండ్రులకు స్థిరనివాసం దాదాపు లేదు.

మండపేట, తిరిగి వచ్చినవాడిని:

అందరూ పెద్దలను అక్కడికి తీసుకువెళ్లే దారి చెబుతున్నారు. నేను ఎదురుదారిలో వచ్చాను కాబట్టి రెండు మాటలు. నేను అమెరికా పౌరుణ్ణి, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓ.సి.ఐ. కార్డు మీద మండపేటలో అమ్మ దగ్గర ఉంటున్నాను. జీవితాంతం చెల్లుతుంది, ఎన్నాళ్లు ఉన్నా విదేశీయుల నమోదు కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. ఓటు లేదు, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనే హక్కు లేదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు, అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. మాస్టారి అమ్మాయికి, మనవలకు ఓ.సి.ఐ. ఇప్పటికే లేకపోతే తీయించండి. మీకు ఎప్పుడైనా ఒంట్లో బాగాలేక ఆమె పరుగున రావాల్సి వస్తే, ఆ సమయంలో వీసా కోసం ఎదురుచూడటం చాలా కష్టం.

పాలకొల్లు మాస్టారు:

ఇంత ఓపికగా రాసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ సమాధానాలు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అబ్బాయి ఫోనులో కాసేపు వాదించి, తరువాత అక్కడి వకీలును అడిగి, రాజోలు వారు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. సూపర్ వీసా, దానితో పాటు అమెరికా విజిటర్ వీసా, ఈ రెండింటికీ సిద్ధమవుతున్నాం. కన్సల్టెన్సీ వారికి వద్దని చెప్పేశాను.

ఇప్పుడు రెండు చిక్కులు మిగిలాయి. అమ్మాయి పుట్టిన తేదీ ధ్రువపత్రంలో పేరు లేదు, "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. తల్లి పేరు అందులో "సత్యవతి" అని ఉంటే, మా ఆవిడ పాస్‌పోర్టులో "వెంకట సత్యవతి" అని ఇంటిపేరుతో సహా ఉంది. రెండవది, మేము లేనప్పుడు పింఛనుకు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్, చేను కౌలు వ్యవహారం ఎలా చూసుకోవాలి?

అమలాపురం కోడలు:

మాస్టారు గారూ, మా అత్తమామల కాగితాలన్నీ నేనే సర్దాను కాబట్టి ఈ రెండూ నాకు బాగా తెలుసు. మన వైపు వెంకట, సత్య, నాగ అన్నవి ఒక కాగితంలో ఉండి మరో కాగితంలో లేకపోవడం ప్రతి ఇంటి కథేనండి. వీసా అధికారికి మాత్రం అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లుగా కనిపిస్తాయి.

పుట్టిన నమోదులో పేరు చేర్చడానికి చట్టంలోనే వీలుంది. పుట్టుక ఏ పంచాయతీలో, ఏ మునిసిపాలిటీలో నమోదైందో అక్కడే అడగాలి, ఎక్కడ పెరిగారన్నది లెక్కకాదు. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కనుక, నమోదు అమ్మగారి పుట్టిన ఊళ్లో ఉండి ఉండవచ్చు, ముందు అది చూసుకోండి. ఆలస్యమైన నమోదు కాబట్టి పేరు చేర్చడం కుదరదని వారు అంటే, ఉన్న ధ్రువపత్రానికి తోడు అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల పేర్లున్న ఆమె పాత భారతీయ పాస్‌పోర్టు నకలు కలిపి పెట్టండి. చివరి పేజీలో తల్లి పేరు, తండ్రి పేరు ఉండే ఆ పాత పాస్‌పోర్టును చాలామంది పౌరసత్వం వచ్చాక ఎక్కడో పడేస్తారు. మీ అమ్మాయి దగ్గర అది భద్రంగా ఉందో లేదో ఈ రోజే అడగండి. అమ్మగారి రెండు పేర్లూ ఒకరివేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించండి. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, పాస్‌పోర్టు ఈ నాలుగింటిలో ఒకే స్పెల్లింగు ఉండేలా ఇప్పుడే సరిచేయించుకుంటే తరువాతి దరఖాస్తుల్లో పని తగ్గుతుంది. పాస్‌పోర్టే ప్రామాణికం అనుకుని మిగతావి దానికి కలపండి, పాస్‌పోర్టును మార్చబోకండి.

మీ ఇద్దరి పుట్టిన తేదీ పత్రాలు సూపర్ వీసాకు పెద్దగా అవసరం పడవు గాని, ఎప్పటికైనా అమెరికా గ్రీన్‌కార్డు వైపు వెళితే అడుగుతారు. జనన మరణాల నమోదు చట్టం 1970 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందు ఇళ్లలో మంత్రసాని చేతుల మీద పుట్టినవారికి నమోదు లేకపోవడం మామూలే, ఆ సంగతి వారికీ తెలుసు. నమోదు దొరకలేదని స్థానిక అధికారి ఇచ్చే ధ్రువపత్రం, మీకంటే పెద్దవారైన బంధువుల అఫిడవిట్లు పెడితే తీసుకుంటారు. అలా సంతకం చేయగల పెద్దలు ఉన్నప్పుడే చేయించి పెట్టుకోవడం మంచిది. మా మామగారి విషయంలో ఆయన మేనత్త గారొక్కరే మిగిలారు, ఆవిడ చేతే వేలిముద్ర వేయించాం.

లైఫ్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు ఊరికి రానక్కరలేదు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోను కెమెరాకు ముఖం చూపించి ఇవ్వవచ్చు. అది పనిచేయకపోతే దగ్గరలోని భారత కాన్సులేట్‌లో సంతకం చేయించి మీ సబ్ ట్రెజరీకి పంపవచ్చు. బయలుదేరే ముందే ఆ కార్యాలయానికి వెళ్లి, విదేశం నుంచి ఏ రూపంలో పంపితే తీసుకుంటారో కనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యం ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన ఫోను నంబరు. అక్కడికి వెళ్లాక రీచార్జి మానేస్తే కొంతకాలానికి ఆ నంబరు మరొకరికి వెళ్లిపోతుంది, ఆ తరువాత ఒక్క ఓ.టి.పి. కూడా మీకు అందదు. రోమింగ్ సదుపాయం పెట్టించుకుని సిమ్మును బతికించుకోండి.

చేను సంగతికి వస్తే, మీరు నమ్మే తమ్ముడో బావమరిదో ఎవరో ఒకరి పేర పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడ ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించి వెళ్లండి. అందులో కౌలు వసూలు, నీటితీరువా, ఇంటిపన్ను, విద్యుత్ బిల్లు, కార్యాలయాల్లో సంతకాలు, ఇంతవరకే రాయించండి. అమ్మకం, తనఖా అధికారాలు అందులో ఉండకూడదు. రాతగాళ్లు అలవాటుగా పాత నమూనాలో అన్నీ కలిపి రాసేస్తారు కాబట్టి ప్రతి పేరా చదివి సంతకం చేయండి. కెనడా వెళ్లాక కొత్తగా ఇవ్వాల్సి వస్తే అక్కడి నోటరీ ముందు సంతకం చేసి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ, చేయించవచ్చు. కెనడా ఆ అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో 2024 జనవరి 11 నుంచి ఉంది. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, అది దాటితే జరిమానా, తిరుగుడు రెండూ తప్పవు.

పాలకొల్లు మాస్టారు:

చాలా మేలు చేశారమ్మా. అమ్మాయి పాత పాస్‌పోర్టు దాని పెళ్లి ఫొటోల పెట్టెలోనే ఉందట, దొరికింది. పుట్టిన నమోదు మీరన్నట్టే మా అత్తవారి ఊరు పోడూరులో ఉంది, సోమవారం అక్కడికి వెళుతున్నాను. ముందుగా సూపర్ వీసా దరఖాస్తు, అది వచ్చాక అమెరికాది అన్న వరుసలో చేస్తాం. బీమా పాలసీల్లో స్థిరత్వపు షరతు మూడు నెలలున్నవి ఏవో తణుకు వారు అమ్మాయికి చెప్పగలిగితే సంతోషిస్తాను.

తణుకు నుంచి బ్రాంప్టన్:

తప్పకుండానండి. కంపెనీ పేరు కంటే పాలసీ షరతుల పత్రమే ముఖ్యం, ఒకే కంపెనీలో మూడు నెలలదీ ఆరు నెలలదీ రెండూ ఉంటాయి, ప్రీమియం తేడాగా ఉంటుంది. డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో ముందు మనమే భరించే మొత్తం, కొంచెం ఎక్కువ పెట్టుకుంటే ప్రీమియం బాగా తగ్గుతుంది. వీసా నిరాకరిస్తే కట్టిన సొమ్ము పూర్తిగా వెనక్కి ఇచ్చే పాలసీయే తీసుకోమనండి, ఆ షరతు రాతపూర్వకంగా ఉందో లేదో చూడమనండి. రెండు మూడు పాలసీ పత్రాలు ముందు పెట్టుకుని అమ్మాయిని నాకు ఇక్కడే సందేశం పంపమని చెప్పండి, కలిసి చూద్దాం.